డిశ్చార్జి చీటీలో ఆఖరి లైను

"ఇది మీరు రాసిందేనా సార్?"

నీళ్ళు కారుతున్న గొడుగును గుమ్మం దగ్గరే ఆనించి, ఆ అమ్మాయి తిన్నగా లోపలికొచ్చి బల్ల మీద ఒక కాగితం పెట్టింది. డాక్టర్ మునికృష్ణ తలెత్తి చూశాడు. చూడాల్సిన దానికంటే ఒక క్షణం ఎక్కువే చూశాడు. తర్వాత బుద్ధి తెచ్చుకుని కాగితం వైపు తిరిగాడు.

"నాదే. కింద సంతకం కూడా నాదే."

"అయితే ఒకసారి చదవండి."

మునికృష్ణ చదవడం మొదలుపెట్టాడు. పేరు రెడ్డెప్ప, వయసు యాభై రెండు, జబ్బు టైఫాయిడ్. అంతవరకు బాగానే నడిచింది. ఆ కింద మూడు లైన్లు ఇంగ్లీషులో ఉన్నాయి. మొదటి దాంట్లో ఏదో క్యాప్సూలు పేరు. రెండో దాంట్లో నాలుగు గీతలు, ఒక చుక్క. మూడో లైను దగ్గర కాగితాన్ని కిటికీ వైపు తిప్పి పట్టుకున్నాడు.

"రాసినోళ్ళకే వెలుతురు కావాల్సొస్తే, చదువు రాని మా అమ్మ యాడ చదివేది సార్?"

పక్కనే ఉన్న సిస్టర్ బుజ్జమ్మ నవ్వు ఆపుకోడానికి దూది డబ్బా మూత తీసి మళ్ళీ పెట్టింది.

అది ఎనభై మూడో సంవత్సరం, కార్తీకంలో ముసురు. మదనపల్లెలోని ఆ ఆసుపత్రిలో మునికృష్ణ చేరి రెండేళ్ళు. హస్తవాసి మంచిదని పేరు తెచ్చుకున్నాడు. ఎదుట నిలబడి తనను కడిగేస్తున్న అమ్మాయి యశోద, పుంగనూరులో ఎలిమెంటరీ స్కూలు టీచరు. ఆమె తండ్రి రెడ్డెప్ప మూడు వారాల కిందట ఇదే వార్డు నుంచి జ్వరం తగ్గి ఇంటికెళ్ళాడు. ఆ వారం యశోద ట్రైనింగు కోసం చిత్తూరులో ఉంది. తల్లి చెంగమ్మ ఒక్కతే వచ్చి ఆయన్ని పిలుచుకుని వెళ్ళింది. ఇప్పుడు నూట మూడు జ్వరంతో రెడ్డెప్ప మళ్ళీ అదే వార్డులో, అదే మంచం మీద ఉన్నాడు.

"ఆరు రోజులు మానకుండా క్యాప్సూల్స్ వేసుకోవాలని నేను స్పష్టంగా చెప్పాను," అన్నాడు మునికృష్ణ. "మీ అమ్మగారు సరే సామీ అన్నారు."

"మా అమ్మ కండక్టరు టిక్కెట్టు అడిగినా సరే సామీ అంటాది. అర్థమయిందని కాదు సార్, అది మర్యాద."

"అయితే ఆ మందులు ఏమయ్యాయి?"

"అదే మిమ్మల్ని అడగాలని వచ్చినా. ఇంట్లో ఒక్కటీ లేదు. ఈ కాగితం మాత్రం పెట్లో పట్టా కాగితాల మధ్యన ఉండాది. సీలు పడిన కాగితమని మా నాయన బద్రంగా పెట్టినాడు."

ముగ్గురూ వార్డులోకి వెళ్ళారు. కాలు విరిగి, కట్టుతో పడుకుని ఉన్న పక్క మంచం కృష్ణప్ప వాళ్ళను చూసి సంతోషంగా చేయి ఊపాడు. చెంగమ్మ భర్త కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. మందుల సంగతి అడిగితే ఆమె ఏమాత్రం దాచుకోలేదు.

"ఆసుపత్రి సామాను ఇంటికి తీసకపోకూడదు సామీ. రోగం ఎనకనే వస్తాది. అందుకని ఆ పొట్లం ఈయప్పకిచ్చి, పోయినాము."

అందరూ కృష్ణప్ప వైపు తిరిగారు.

"ఆరు దినాలూ తప్పకుండా ఏసుకున్నా సామీ," అన్నాడు కృష్ణప్ప. "మంచి మందు. కాలికి బాగా పని చేసింది."

మునికృష్ణకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. యశోద వైపు చూస్తే ఆమెకు నవ్వు రావట్లేదు, కళ్ళలో నీళ్ళున్నాయి. చూసి అతని మనసు చివుక్కుమంది. ఆ నిమిషం దాకా తప్పు ఎవరిదా అని వెతుకుతున్నాడు. ఇక వెతకడం మానేశాడు.

"మీ నాయన్ని బాగు చేసే పంపిస్తాను," అన్నాడు.

"పోయినసారి కూడా బాగు చేసే పంపిస్తిరి సార్."

*

రెండోసారి రెడ్డెప్ప పద్నాలుగు రోజులు వార్డులో ఉన్నాడు. యశోద రోజూ స్కూలు వదలగానే పుంగనూరులో బస్సెక్కి సాయంత్రానికి వచ్చేది. వాన వచ్చినా వచ్చేది. మునికృష్ణ సాయంత్రం రౌండ్లు అంతకుముందు అరగంటలో ముగించేవాడు, ఇప్పుడు గంటన్నర పడుతున్నాయి. దీనికి కారణం వార్డులో అందరికీ తెలుసు. ఆ ఇద్దరికి మాత్రమే ఇంకా తెలియదని బుజ్జమ్మ అందరితో చెప్పేది.

"రెడ్డెప్పగారూ, ఆహారం విషయంలో జాగ్రత్త వహించాలి. ద్రవ పదార్థాలు అధికంగా తీసుకోవాలి," అన్నాడు ఒక సాయంత్రం.

"సరే సామీ," అన్నాడు రెడ్డెప్ప.

యశోద మంచం అవతలి నుంచి చూస్తోంది. "సార్, మీరు రేడియోలో వార్తలు చదువుతాండారా?"

"ఏం, తప్పేముంది?"

"ఏం చేస్తాడో మా నాయన్ని అడిగి చూడండి."

మునికృష్ణ అడిగాడు. రెడ్డెప్ప కాసేపు ఆలోచించాడు. "జాగర్తగా ఉండమంటివి. ఉంటాను సామీ. చీకట్లో బయటికి పోను."

యశోద మంచం పక్కనున్న స్టూలు వైపు చూపించింది. మునికృష్ణ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. రాగిజావ ఎంత పల్చగా ఉండాలో, సంగటి ఎప్పటిదాకా ముట్టకూడదో, ఊరిమిండి పచ్చడి మీదికి మనసు పోతే ఏం చేయాలో చెప్పాడు. మళ్ళీ అడిగాడు. రెడ్డెప్ప ఈసారి అక్షరం పొల్లుపోకుండా చెప్పాడు. చివర్లో, "ఊరిమిండి ఒక్క నాకుడు నాకితే కూడా తప్పేనా?" అని బేరం పెట్టాడు.

"యాల అంత తొందర? నెల దినాలు ఓర్చుకో, అంతే గదా," అన్నాడు మునికృష్ణ. అనేశాక నాలిక కరుచుకున్నాడు.

యశోద పట్టేసింది. "మీదే ఊరు సార్?"

"గుడుపల్లె."

"అయితే ఈ మాట యాడ దాచిపెట్టినారు ఇన్ని దినాలు? మాకు బాగా అర్థమవుతాది, ఇట్లనే మాట్లాడండి."

"ఇట్ల మాట్లాడితే డాక్టరని నమ్ముతారా?"

"మా నాయన మొదటిసారి మీ మాటకి ఎదురు బేరమాడినాడు. నమ్మినాడు గాబట్టే."

ఆ రాత్రి మునికృష్ణ గదిలో పడుకుని ఆ మాటే తలుచుకున్నాడు. మాటను తలుచుకున్నానని అనుకున్నాడు. నిజానికి ఆ మాట అన్నప్పుడు ఆమె చెంప మీదికి జారిన తడి వెంట్రుకను తలుచుకున్నాడు.

మర్నాటి నుంచి వార్డులో కొత్త పద్ధతి వచ్చింది. ఇంటికి పోయే ప్రతి మనిషినీ కూర్చోబెట్టి, "ఇంటికి పోయినాక ఏం చేస్తావో నాకు చెప్పు" అని అడగడం మొదలుపెట్టాడు. సరే సామీ అంటే వదలట్లేదు. ఒకాయన బెదిరిపోయి, పరీక్ష తప్పితే ఇంటికి పంపరేమోనని బుజ్జమ్మను గుట్టుగా జవాబులు అడిగాడు.

"మీ టీచరమ్మ డాక్టరుకే పాఠం చెప్పింది," అంది బుజ్జమ్మ చెంగమ్మతో. చెంగమ్మ కూతురు వైపు చూసింది, డాక్టరు వైపు చూసింది, తర్వాత తమలపాకుకు సున్నం రాసుకుంది.

పన్నెండో రోజున ఉత్తర్వు వచ్చింది. మునికృష్ణను కుప్పం మార్చారు. మరో రెండు వారాల్లో, సోమవారం అక్కడ చేరాలి. తన ఊరికి దగ్గర. రాళ్ళు కొట్టి తనను చదివించిన తల్లిదండ్రులకు దగ్గర. ఎప్పటి నుంచో కోరుకుంటున్నదే. ఆ కాగితం చేతికొచ్చాక మాత్రం అతనికి అన్నం సయించలేదు. కుప్పం నుంచి పుంగనూరు ఎంత దూరమో లెక్క వేస్తూ కూర్చున్నాడు.

యశోదకు చెప్పాలి. ఎలా చెప్పాలి? రోగి కూతురితో ఆసుపత్రిలో పెళ్ళి మాట ఎత్తితే ఏమనుకుంటుంది? కాదంటే? తన మీద మొదటి రోజు కోపమే ఇంకా పూర్తిగా పోయిందో లేదో.

*

పద్నాలుగో రోజున రెడ్డెప్ప డిశ్చార్జి. ఈసారి మునికృష్ణ ఏ లోటూ రానివ్వదలచుకోలేదు. ముందుగా చెంగమ్మనే అడిగాడు.

"అమ్మా, ఈ మందులు ఇంటికి తీసకపోతావా, లేదా?"

చెంగమ్మ నేల చూపులు చూసింది. "నువ్వు చెప్పినావని తీసకపోతాను సామీ. కానీ మనసొప్పదు."

"అయితే ఈడివి వొద్దు. చీటీ రాసిస్తా. పుంగనూరులో మెడికల్ షాపులో కొనుక్కోండి. అవి అంగడి సామాను, ఆసుపత్రి సామాను కాదు."

చెంగమ్మ మొహం విప్పారింది. "అట్లయితే రోగం ఎట్ల వస్తాది సామీ?" అంది, తనే అతనికి ధైర్యం చెబుతున్నట్టు.

యశోద అతని వైపు చూసింది. ఆ చూపులో మొదటి రోజు కోపం వెతికినా కనపడలేదు. పొద్దన ఒకటి, మాపటికి ఒకటి, ఎన్ని రోజులు, ఏం తినాలి, కడుపులో నొప్పొస్తే ఎంత తొందరగా రావాలి, అన్నీ రెడ్డెప్ప చేత, చెంగమ్మ చేత రెండేసి సార్లు చెప్పించాడు. చీటీ గుండ్రటి తెలుగు అక్షరాలతో తనే రాశాడు. పొద్దు బొమ్మ, నెలవంక బొమ్మ కూడా వేశాడు.

అంతా అయ్యాక ఒక్కటే మిగిలింది. నోటితో చెబుదామని రెండుసార్లు ప్రయత్నించాడు. ఒకసారి బుజ్జమ్మ అడ్డమొచ్చింది, ఒకసారి తన ధైర్యమే అడ్డమొచ్చింది. చివరికి చీటీ అడుగున ఇంకో లైను రాసి, మడిచి యశోద చేతికిచ్చాడు.

'యశోద గారికి: పదో రోజు నాయన్ని చూపించడానికి మీరే తప్పకుండా రావాలి. మీతో విడిగా మాట్లాడవలసిన ముఖ్యమైన విషయం ఉంది.'

బస్సు కదిలాక వర్షం మళ్ళీ మొదలైంది. మునికృష్ణ వరండాలో నిలబడి, ఇంత మంచి అక్షరాలు జీవితంలో ఎప్పుడూ రాయలేదని తనను తనే మెచ్చుకున్నాడు.

*

పదో రోజు శనివారం. మునికృష్ణ తెల్లవారకముందే గడ్డం గీసుకున్నాడు. టిఫిను తినడం మర్చిపోయాడు.

తొమ్మిదింటికి వాళ్ళు వచ్చారు. నలుగురు వచ్చారు. రెడ్డెప్ప ఉతికిన పంచె కట్టుకుని, బుగ్గలు నిండి, గుండ్రాయిలా ఉన్నాడు. వెనక చెంగమ్మ, చంకలో పరుపు చుట్ట, ఏడ్చి ఏడ్చి వాచిన కళ్ళు. ఆమె వెనక ఎవరో నడివయసు ఆవిడ, చేతిలో నాలుగు గిన్నెల క్యారియరు. అందరి వెనక యశోద. ఆమె మొహం చూసేసరికి మునికృష్ణ చెప్పాలనుకున్నదంతా మర్చిపోయాడు. పది రోజుల్లో సగమైపోయింది.

"సామీ, నా కాడ దాపరికం వొద్దు," అన్నాడు రెడ్డెప్ప, కుర్చీలో కూర్చుంటూ. "ఎన్ని దినాలుండాది?"

"దేనికి?"

"నాకు."

మునికృష్ణకు అర్థం కాలేదు.

"రోగిని పక్కన పెట్టి ఇంటోళ్ళతో ఇడిగా మాట్లాడాలని డాక్టరు అంటే, ఏమని అర్థం? మా ఊర్లో ఒకాయనకి అట్లనే అయింది. డాక్టరు కొడుకుని లోపలికి పిలిచి మాట్లాడినాడు. నెల తిరక్కముందే పాయ." రెడ్డెప్ప గొంతు నిబ్బరంగానే ఉంది. "నేను చేయాల్సిందంతా చేసేసినా సామీ. ఇదో, ఈమె మా చెల్లెలు పార్వతమ్మ. కలకడలో ఉంటాది. బాయి కాడ నీళ్ళ వంతు మీద కొట్లాడుకోని ఎనిమిదేండ్లు మొగాలు చూసుకోలేదు. సచ్చేలోగా ఒకసారి చూద్దామని పోయి, తప్పు నాదేనని చెప్పి పిలుచుకోనొచ్చినా."

పార్వతమ్మ క్యారియరు కింద పెట్టి కొంగుతో కళ్ళొత్తుకుంది.

"చెప్పండి సార్," అంది యశోద. "ఇడిగా వొద్దు. అందరి ముందరా చెప్పండి. ఏం జబ్బు?"

తను రాసింది ఏమిటో మునికృష్ణ ఇప్పుడు, వీళ్ళ మొహాల్లో చదువుకున్నాడు. లేచి రెడ్డెప్ప నాలుక చూశాడు, కడుపు నొక్కి చూశాడు, జ్వరం చూశాడు. ఒక్కటీ వదలకుండా చూశాడు.

"రెడ్డెప్పా, నీకు ఏ జబ్బూ లేదు. టైఫాయిడ్ పూర్తిగా పోయింది. నీకు నూరేండ్లు. నేను చెప్పింది అర్థమయిందా?"

"నాకేం లేదంటాండావు."

"లేదు. ఏమీ లేదు."

చెంగమ్మ పరుపు చుట్ట మీదే కూలబడింది. రెడ్డెప్ప నోరు తెరిచి చూస్తున్నాడు. "మరి ముక్యమైన ఇసయం?"

బుజ్జమ్మ రిజిస్టరును తలకిందులుగా పట్టుకుని చదువుతోంది.

"అది నీ గురించి కాదు," అన్నాడు మునికృష్ణ. రేడియో భాష ఎక్కడికో పారిపోయింది. "నా గురించి. సోమవారం నుంచి నన్ను కుప్పానికి మార్చినారు. పోయేలోగా యశోదను అడగాలనుకున్నా, నన్ను పెండ్లి చేసుకుంటావా అని. నోటితో చెప్పే ధైర్యం లేక కాగితం మీద అట్ల రాసినా. మీరు ఇట్ల అనుకుంటారని నాకు తట్టనే లేదు. తప్పు నాది."

యశోద అతని వైపు ఒక్కసారి చూసింది. తర్వాత గది దాటి వరండాలోకి వెళ్ళిపోయింది.

మునికృష్ణ వెనకే వెళ్ళాడు. వాన చూరు నుంచి ధారగా పడుతోంది. ఆమె స్తంభాన్ని పట్టుకుని నిలబడింది, వెక్కుతోంది.

"పది రాత్రిళ్ళు నేను నిద్దర పోలేదు. మా నాయన ఊపిరి తీస్తాండాడా లేదా అని లేచి లేచి చూసినా. స్కూల్లో పిల్లకాయల ముందర ఏడ్చినా. మాత్రల సంగతి రెండేసి సార్లు అడిగి చెప్పిస్తిరే, ఈ ఒక్క మాట నోటితో చెప్పలేకపోతిరా?"

"మాత్ర ఒకటి పడకపోతే ఇంకోటి రాస్తాను. నువ్వు కాదంటే నాకు ఇంకోటి లేదు. అందుకే భయపడినా."

మునికృష్ణ ఇక ఆగదలచుకోలేదు. మళ్ళీ ఏదైనా మాట సగంలో ఆగిపోతే ఏమవుతుందో తలుచుకునే ధైర్యం అతనికి లేదు.

"ఇంకోటి కూడా చెప్పాల. మా అమ్మా నాయనా ఇప్పటికీ రాళ్ళు కొట్టే పనికి పోతాండారు. మాకు సేద్యం లేదు, పెద్ద ఇల్లు లేదు. మా అమ్మ పేరు మారెమ్మ. గుడుపల్లెలో ఎవరినడిగినా చూపిస్తారు. నువ్వు వొద్దంటే నేను మళ్ళీ పుంగనూరు దిక్కుకి రాను. ఒప్పుకుంటే రేపు ఆదివారమే మా వాళ్ళని పిలుచుకోని మీ ఇంటికొస్తాను. అంతే. ఇంకేమీ మిగల్లేదు."

యశోద కొంగుతో మొహం తుడుచుకుంది. "ఇంత తేటగా మాట్లాడే మనిషికి ఆ పొద్దు ఏం పట్టింది?"

"నువ్వు ఎదురుగా నిలబడినావు."

ఏడుపులోనే ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వును దాచుకుందామని తల తిప్పుకుంది గానీ అప్పటికే ఆలస్యమైంది.

లోపలి నుంచి పార్వతమ్మ గొంతు ఖంగున వినిపించింది. "ఊర్లో పెద్దమనుషులు ఎనిమిదేండ్లు పంచాయతీ చేసి తీర్చలేని కొట్లాట. ఈయప్ప ఒక్క లైను రాసి తీర్చేసినాడు. ఇట్లాంటోడికి పిల్లనియ్యకపోతే ఇంకెవరికిస్తావన్నా?"

"బిడ్డనడగొద్దా?" అంటూ రెడ్డెప్ప వరండాలోకి వచ్చాడు. వెనకే ఆడవాళ్ళిద్దరూ గుమ్మం దాకా వచ్చి ఆగారు. రెడ్డెప్ప ఇద్దర్నీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వేమంటావు బిడ్డా?"

యశోద తండ్రి కళ్ళలోకి చూసింది. "నాకిష్టమే నాయనా," అంది. "ఏడిపించినందుకు కోపం ఉండాది. అది పోవడానికి కొన్నాళ్ళు పడతాది. అయినా ఇష్టమే."

రెడ్డెప్ప అక్కడున్న బెంచీ మీద కూర్చున్నాడు.

"సావంటే నాకు భయం లేదు సామీ," అన్నాడు. "అందరూ పోయేవాళ్ళమే. ఈ పది దినాలూ ఒకటే దిగులు. నేను పోతే ఈ బిడ్డ తిన్నాదా లేదా అని అడిగేదెవరా అని. ఆ దిగులుకి మీ మందుల్లో మందు లేదు." అంతకంటే చెప్పలేక పైకండవాతో మొహం తుడుచుకున్నాడు.

యశోద వెళ్ళి ఆయన పక్కన కూర్చుని భుజం మీద తల ఆనించింది. పార్వతమ్మ క్యారియరు తెచ్చి గిన్నెలు విప్పసాగింది. నెల రోజులు ఆసుపత్రిలో ఉండాల్సి వస్తుందేమోనని చేసుకొచ్చిన తిండి అందులో ఉంది. మునికృష్ణ మాత్రం ఏం చేయాలో తోచక, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అక్కడే నిలబడి ఉన్నాడు.

రెడ్డెప్ప బెంచీ మీద కాస్త జరిగి, రెండో పక్కన చోటు చేశాడు. ఆ చోటును అరచేత్తో తుడిచి తలెత్తాడు. ఈసారి సామీ అనలేదు.

"యాల నిలబడినావు నాయనా," అన్నాడు. "ఈడొచ్చి కూచో. తిన్నావా, లేదా?"